మేరీ డయరు చరిత్రము

స్వమతానుష్ఠానమునకు స్వాతంత్ర్యము లేక స్వదేశమును విడిచిపోయిన జనులు, తమకు స్వాతంత్ర్యము చేకూరినంతనే దానిని పరులకును ఒసఁగుదురని లోకులు తలఁతురు. చరిత్రము మాత్రము వేఱువిధముగా చెప్పుచున్నది. ఇంగ్లండునందలి రాజులయొక్కయు బిషపులయొక్కయు నిర్బంధమునకు తాళఁజాలక మహాసముద్రమును దాఁటి, 1630వ సంవత్సరమున అమెరికాఖండపు తూర్పుతీరమున బోస్టను నగరమును నిర్మించుకొన్న ప్యూరిటనులు, ముప్పదియేండ్లు గడచునంతలో, తమవలె నీశ్వరు నారాధింపలేదను కారణముచేత మనుష్యులను ఉరిదీయ నారంభించిరి. అట్లు ఉరిదీయఁబడిన క్వేకరులు నలుగురు. వారిలో నొకతె స్త్రీ. ఆ స్త్రీయే మేరీ డయరు.

మనుజుఁడు చేయు పనులను ప్రభుత్వము శాసింపఁగలదు, శాసింపవలసినదే. కాని మనుజుని లోపలి విశ్వాసమును శాసించు అధికారము ప్రభుత్వమునకు కలదా? కలదని చెప్పుకొన్న ప్రభుత్వ మొకటి ఆ యధికారమును నెగ్గించుకొనుటకై యెంతదూరము పోవలసివచ్చెనో, తుదకు ఏల యోడిపోయెనో మేరీ డయరు జీవితము తేటతెల్లముగా చూపుచున్నది. న్యాయవాదమును వృత్తిగాఁ గొన్న మాకు ఈమె చరిత్రము మిక్కిలి యాలోచింపఁదగినదిగాఁ దోఁచినది. కావున నామె వృత్తాంతమును, ఆమె చేరిన క్వేకరు సమాజముయొక్క వృత్తాంతమును సంగ్రహముగా నిందు తెలుపుచున్నాము.

మేరీ ఇంగ్లండుదేశమున సుమారు 1611వ సంవత్సరమున జన్మించెను. ఆమె పుట్టింటివారు బారెట్టులు. 1633 అక్టోబరు 27వ తేదీని లండను నగరమునందలి సెంటు మార్టిను దేవాలయమున విలియం డయరు అను యువకునితో నామెకు వివాహము జరిగెను. విలియము వర్తకుఁడు. దంపతులు రెండేండ్లలోపల స్వదేశమును విడిచి బోస్టను చేరి, 1635 డిసెంబరు నెలలో అచ్చటి క్రైస్తవసంఘమున సభ్యులైరి. మేరీని ద్వేషించినవారుసైత మామె రూపవతి యనియు, సూక్ష్మబుద్ధి గలదనియు, కాని స్వాభిమానము మెండనియు వ్రాసియున్నారు. స్త్రీకి స్వాభిమానము దోషమని యెన్నఁబడిన కాలమది.

ఆ నాఁటి మసాచుసెట్సు రాజ్యమున మతసంఘమును ప్రభుత్వమును రెండు వేఱు వస్తువులు కావు. మతసంఘమున సభ్యుఁడైనవానికిఁ దప్ప మఱెవ్వనికిని వోటు లేదు. బోధకులు వేదిక మీఁదినుండి చెప్పినది న్యాయస్థానమున శాసనముగుచుండెను. ఇట్టి యూరికి 1634వ సంవత్సరమున ఆన్ హచిన్సను అను విదుషీమణి వచ్చెను. ఆమె స్త్రీలకు ప్రసవకాలమున సాయపడుచు, ఇంటింట నెఱుకపడి, తన గృహమున వారమువారము సభలు చేర్చి, ప్రార్థనామందిరమున విన్న బోధలను చర్చింప మొదలుపెట్టెను. తొలుత స్త్రీలే వచ్చిరి. పిమ్మట పురుషులును రాసాగిరి. భగవంతుని యనుగ్రహము జీవునకు నేరుగానే లభించునుగాని, బాహ్యాచారములచేత నార్జింపఁబడునది కాదనియు, ఆ యనుగ్రహమును పొందినవారితో భగవంతుఁడు స్వయముగా మాటలాడుననియు ఆమె చెప్పెడిది. బోధకుల మధ్యవర్తిత్వముమీఁద నిలిచిన రాజ్యమునకు ఈ మాట వేరుపురుగువలె కనఁబడెను. డయరు దంపతులు ఆమె పక్షము వహించిరి.

1637వ సంవత్సరమున మేరీ కొక విపత్తు సంభవించెను. ఆ యక్టోబరు 17వ తేదీని, నెలలు నిండకమునుపే, ఆమెకు మృతశిశువు పుట్టెను. ఆ శిశువునకు అవయవములు సరిగా నేర్పడలేదు. ఇట్టి జననములను దైవకోపమునకు గుఱుతుగా జూచు కాలమగుటచేత, దగ్గఱనున్న హచిన్సనమ్మయు మంత్రసానియు బోధకుఁడైన జాను కాటను సలహా ననుసరించి శిశువును రహస్యముగా పాతిపెట్టించిరి. తల్లి దుఃఖమును లోకులు చిందఱవందఱ చేయకుండ కాపాడుటయే వారి యుద్దేశము. నెల తిరుగునప్పటికి ప్రభుత్వమువారు హచిన్సనమ్మను విచారించి దేశబహిష్కృతురాలిని జేసిరి. ఆమె పక్షమున మహజరుపై సంతకము చేసిన విలియం డయరుచేతినుండి ఆయుధములను లాగుకొని, అతని వోటుహక్కును రద్దుచేసిరి.

1638 మార్చి 22వ తేదీని బోస్టను సంఘమువా రామెను వెలివేసిరి. వెలి యన నెట్టిదో మన దేశపు చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంతకాలము ఆమె బోధలను తలయూఁచి విన్నవారందఱును కూర్చున్నచోటునుండి కదలక తలలు వంచుకొనిరి. ఆమె వెలుపలికి నడవఁబోవుచుండఁగా మేరీ డయరు లేచి, నిండుసభలో నామె చేయి పట్టుకొని, ఆమెతోఁగూడ బయటికి నడచెను. అప్పటి కామె వయస్సు ఇరువది యేడేండ్ల ప్రాంతము. పురిటిదుఃఖ మింకను తీఱలేదు. మేరీ డయరు జీవితమున నటుతరువాత జరిగిన ఘట్టములన్నియు ఈ యొక్క చర్యలోనే బీజప్రాయముగా నున్నవని మేము తలఁచుచున్నాము. నిందింపఁబడినవారి ప్రక్కను నిలువవలసినపుడు ఆమె వెనుకాడ లేదు.

వాకిట నొకరు ఆ యువతి యెవరని యడుగఁగా, వికృతశిశువును గన్నది యని మఱియొకరు బదులు చెప్పిరఁట. ఆ మాట గవర్నరగు జాను వింత్రాపు చెవిని బడెను. అతఁడు విచారణ జరిపించి, పూడ్చి యైదునెలలైన ఆ శిశువును త్రవ్వించి, జనసమూహమున కెల్ల చూపించెను. అంతటితో తృప్తినొందక, కొమ్ములు, గోళ్లు, పొలుసులు మొదలగు వర్ణనలతో నా రూపమును వ్రాసి ఇంగ్లండునకుఁ బంపెను. తప్పుడు మతమునకు దేవుఁడు విధించిన శిక్ష యిది యని అతని వాదము. వైద్యశాస్త్ర మెఱిఁగిన నేఁటివారికి అది శిశువు గర్భస్థముగా నుండఁగానే కలిగిన యవయవలోపమని తెలియును. ఒక తల్లి కడుపుకోఁతను మతవాదమునకు సాక్ష్యముగా కోర్టుకెక్కించిన యీ పనికి వింత్రాపువంటి విద్యావంతుఁడు పూనుకొనుట, మూఢవిశ్వాసము విద్యనుసైత మెంత గ్రుడ్డిదానిగాఁ జేయునో తెలుపుచున్నది.

బహిష్కృతులు దక్షిణమునకు పోయిరి. వారికంటె ముందుగా మసాచుసెట్సునుండి వెడలఁగొట్టఁబడిన రోజరు విలియమ్సు అను మహాశయుఁడు నారగాన్సెటు తెగవారితో మాటలాడి అక్విడ్నెకు అను ద్వీపమును వారికి ఇప్పించెను. 1638లో పోర్ట్‌స్మతును, 1639లో న్యూపోర్టును వెలసెను. ఈ ప్రదేశమే రోడు ఐలండు రాజ్యమాయెను. విలియం డయరు న్యూపోర్టు స్థాపకులలో నొకఁడు. రాజ్యమునకు కార్యదర్శిగాను, తరువాత అటార్నీ జనరలుగాను పనిచేసెను. మేరీకి ఆఱుగురు బిడ్డలు బ్రతికి పెరిగిరి. భూవసతియు గౌరవమును గల గృహమున నామె పదునాలుగేండ్లు గృహిణిగా కాఁపురము చేసెను. హచిన్సనమ్మ మాత్రము భర్త పోయిన పిదప డచ్చివారి సీమకు తరలి, 1643వ సంవత్సరమున అచ్చట జరిగిన యుద్ధమున ఇండియనులచేత బిడ్డలతోఁగూడ చంపఁబడెను.

1652వ సంవత్సర ప్రాంతమున మేరీ ఇంగ్లండునకుఁ బోయి, 1657వఱకు నచ్చటనే యుండెను. భర్త మాత్రము ముందుగా తిరిగివచ్చెను. అప్పుడు ఇంగ్లండు దేశమున జార్జి ఫాక్సు అను చర్మకారవృత్తి నేర్చిన యువకుఁడు గ్రామగ్రామము తిరుగుచు క్రొత్తబోధ చేయుచుండెను. ప్రతిమనుష్యుని హృదయమునందును భగవంతుని వెలుఁగు కలదనియు, మౌనముగా కూర్చుండి వేచియున్నచో నది తనంత దారి చూపుననియు అతని బోధసారము. ఆ బోధ నంగీకరించినవారు తమ్ము మిత్రులని చెప్పుకొనిరి. ఈశ్వరసన్నిధిని వడఁకువారని ఎగతాళిగా ఇతరులు పెట్టిన క్వేకరు లను పేరే లోకమున నిలిచినది. హచిన్సనమ్మ నోట మేరీ యిరువదియేండ్లక్రిందట వినిన మాటయే యిక్కడ నొక సమాజముగా రూపొందియుండెను. ఆమె దానిలో చేరెను.

క్వేకరుల పద్ధతులను కొంచెము వివరింపవలెను. ఆ కాలమున వారి ప్రార్థనామందిరములో వేదిక లేకుండెను; జీతముతీసికొను బోధకుఁడు లేకుండెను; జ్ఞానస్నానాది కర్మలు లేకుండెను. అందఱును మౌనముగా కూర్చుండెడివారు. ఎవరికి లోపలినుండి ప్రేరణ కలుగునో వారు లేచి మాటలాడెడివారు. వా రాఁడువారైనను మగవారైనను భేదము లేకుండెను. అధికారి యెదుటనైనను టోపీ తీయకుండెడివారు. గొప్పవానికొక విధముగను పేదవాని కొక విధముగను సంబోధనములు వాడకుండెడివారు. సత్యమును సర్వదా పలుకవలసియుండఁగా ప్రత్యేకముగా ప్రమాణ మెందులకని న్యాయస్థానమున ప్రమాణము చేయకుండెడివారు. కత్తి పట్టకుండెడివారు. సమాజమువారు చెఱసాలలోనుండిన, ఇతరులు పోయి యన్నము పెట్టెడివారు. వారి కుటుంబములను పోషించెడివారు. వారికి కలిగిన బాధలను తేదీలతోఁగూడ వ్రాసియుంచెడివారు. అట్లు వ్రాసియుంచుటచేతనే నేఁడు మన కీ వృత్తాంతము లింత వివరముగా తెలియుచున్నవి.

ఇట్టివారినిఁ జూచి బోస్టను బోధకు లేల భయపడిరో ఊహించుట కష్టము కాదు. బోధకుఁడు లేకయే ధర్మము తెలియునన్నచో బోధకుని యధికార మేమగును? స్త్రీ బోధింపవచ్చునన్నచో గృహస్థుని యధికార మేమగును? మఱి కొందఱు క్వేకరులు ప్రార్థనామందిరములలో చొరఁబడి, ఉపన్యాసము నడుమ లేచి బోధకులను నిందించుటయుఁ గలదు. ఆ పని మర్యాదకు విరుద్ధమే. దానిని మేము సమర్థింపము. కాని గలభాకు చిల్లర శిక్షలు చాలును. బోస్టనువారు శిక్షింపఁబూనినది గలభాను గాదు, క్వేకరుఁడగుటనే.

1656 జూలైలో మేరీ ఫిషరు, ఆన్ ఆస్టిను అను నిరువురు క్వేకరుస్త్రీలు ఓడమీఁద బోస్టను రేవునకు వచ్చిరి. అప్పటికి వారికి వ్యతిరేకమైన శాసన మేదియు లేదు. అయినను వారి గ్రంథములను తగులఁబెట్టిరి. మంత్రగత్తెల గుఱుతు లున్నవేమో యని వస్త్రములూడ్చి పరీక్షించిరి. ఎవ్వరితోను మాటలాడకుండ కిటికీకి పలకలు కొట్టి యైదువారములు చెఱలోనుంచి వెళ్లఁగొట్టిరి. నికొలసు అప్సాలు అను వృద్ధుఁడు వారు పస్తుండకుండునట్లు చెఱసాలాధికారికి వారమునకు ఐదేసి షిల్లింగు లిచ్చి యన్నము పంపెను. ఆ యక్టోబరులో శాసనము పుట్టెను. క్వేకరులను తెచ్చిన నౌకాధిపతికి నూఱు పౌనుల జుల్మానా. వచ్చిన క్వేకరునకు కొఱడాదెబ్బలును చెఱయును. దీనిని తప్పన్నందుకు అప్సాలుసైతము జుల్మానాకు గుఱియై వెళ్లఁగొట్టఁబడెను. 1657లో మఱియొక శాసనము: క్వేకరునకు ఇంట చోటిచ్చినవానికి గంట కింతయని జుల్మానా; మరలవచ్చిన పురుషునకు చెవి కోయుట; స్త్రీకి కొఱడా; మూఁడవసారి వచ్చినచో కాల్చిన యినుపకమ్మితో నాలుకను తూట్లుపొడుచుట. ఈ శిక్షలును చాలవని 1658 అక్టోబరులో, బహిష్కృతుఁడైన క్వేకరుఁడు మరలవచ్చినచో మరణశిక్ష యని విధించిరి. ప్రజాప్రతినిధుల సభలో ఈ శాసనము నెగ్గినది ఒక్క వోటుతో మాత్రమే.

న్యాయవాదులకు ఈ శాసనపరంపర యొక గొప్ప పాఠము. మొదటి శాసనము పాఱకపోయినపుడు అది తప్పేమో యని యోచింపక, శిక్ష చాలలేదని తలఁచి దానిని హెచ్చించిరి. హెచ్చించినకొలఁది వచ్చువారును హెచ్చిరి. శిక్షకు భయపడనివానియెడ శిక్షను పెంచుట నిప్పుమీఁద నేయి పోయుటయే.

ఇదే సమయమున రోడు ఐలండువారు చేసినదానిని పరిశీలింపుఁడు. 1657లో క్వేకరు లక్కడ స్వేచ్ఛగా దిగిరి. వారిని వెడలఁగొట్టుఁడని చుట్టునున్న రాజ్యములవారు వ్రాసిరి. వాణిజ్యమును నిలిపివేయుదుమని భయపెట్టిరి. రోడు ఐలండువారు, విశ్వాసమునుగూర్చి మాటలాడినవారిని శిక్షించు శాసనము తమకు లేదని ప్రత్యుత్తరమిచ్చిరి. అంతేకాక, ఎక్కడ తమ్మెవ్వరును బాధింపరో అక్కడ నీ క్వేకరులకు నిలువవలెనను కోరికయే తగ్గుచున్నదనియు, బాధించినచోటనే వారికి అనుచరులు పెరుగుచున్నారనియు తెలియఁజేసిరి. అది ధర్మమును లోకజ్ఞానమును గలిసిన సమాధానము. బోస్టనువారు దానిని చెవినిబెట్టలేదు.

1657లో మేరీ బోస్టను రేవున దిగఁగానే ఆమెను చెఱనుంచిరి. ఆ వార్త తెలిసి భర్త న్యూపోర్టునుండి వచ్చి, ఆ రాజ్యము దాఁటువఱకు నామె యెవ్వరితోను మాటలాడకుండఁ జూచెదనని పూచీ వ్రాసియిచ్చి యింటికి తీసికొనిపోయెను. విలియము క్వేకరుఁడు కాలేదు. అయినను భార్య విశ్వాసమునకు అడ్డుపడలేదు. మఱుసటియేఁడు ఆమె న్యూహేవను సీమలో బోధింపఁబోయి వెళ్లఁగొట్టఁబడెను.

ఆ సంవత్సరములలో సేలము గ్రామమున లారెన్సు, కసాండ్రా సౌతిక్కులను వృద్ధదంపతులు క్వేకరులకు చోటిచ్చిన నేరమునకు చెఱ, దెబ్బలు, జుల్మానాలు పడి తుదకు దేశబహిష్కృతులైరి. జుల్మానా చెల్లింపలేని వారి కొడుకును కూఁతును దాసులుగా వర్జీనియాకో బార్బడోసునకో అమ్మివేయవచ్చునని న్యాయస్థాన ముత్తరువిచ్చెను. వారిని ఎక్కించుకొనిపోవుట కేయోడవాఁడును సమ్మతింపలేదు. శాసనకర్తలకు లేని ధర్మబుద్ధి సరంగులకు కలిగెను.

1659 జూనులో లండను వర్తకుఁడైన విలియం రాబిన్సనును, యార్కుషైరు రైతైన మార్మడ్యూకు స్టీవెన్సనును బోస్టను చెఱలో పడిరి. వారితో పేషెన్సు స్కాటు అను పదునొకండేండ్ల బాలికయు నుండెను. ఆమె హచిన్సనమ్మ చెల్లెలి కూఁతురు. ఈ వార్త విని మేరీ వారిని చూడఁబోయి తానును చెఱపాలాయెను. సెప్టెంబరు 12వ తేదీని పెద్దవారిని మువ్వురను మరణదండనము శిక్షగా బహిష్కరించిరి. మగవారిరువురు రాజ్యమును వదలిపోలేదు. మేరీ యింటికిఁ బోయి, అక్టోబరులో మరల బోస్టను వచ్చి, చెఱలోనున్న మఱియొక క్వేకరుని పరామర్శించుచు పట్టువడెను. గవర్నరు జాను ఎండికాటు మువ్వురకును ఉరిశిక్ష విధించెను. ప్రజ యీ శిక్షను సహింపదేమో యని భయపడి, ప్రభుత్వమువారు ఆ దినమున వీథులలో సాయుధభటులను నిలిపిరి.

1659 అక్టోబరు 27వ తేదీని మువ్వురును ఉరికంబమునకు నడచిరి. మేరీ నడుమను, ఇరువురు పురుషులు ఇరుప్రక్కలను, చేతులు పట్టుకొని పోయిరి. వారు ప్రజలతో నేదైన చెప్పఁబోయినచో వినఁబడకుండ డోళ్లు మ్రోఁగించుచుండిరి. వాదమునకు జవాబు లేనివారి కడపటి యాయుధము డోలేకదా! రాబిన్సనును స్టీవెన్సనును ఆమె కన్నులయెదుటనే ఉరిదీసిరి. పిమ్మట నామెను నిచ్చెన నెక్కించి, కాళ్లు చేతులు కట్టి, మెడకు త్రాడు తగిలించి, బోధకుఁడు విల్సను ఎరువిచ్చిన చేతిరుమాలుతో ముఖమును కప్పిరి. సరిగా నప్పుడే క్షమాపణ వచ్చినదని కేకవేసి, ఆమెను దింపిరి.

ఇది కడపటిక్షణమున కలిగిన దయ కాదు. ఆమె కుమారుఁడైన విలియము మనవిమీఁద ఆమెను విడిచివేయవలెననియు, కాని యుఱిత్రాడు మెడకు తగిలించి యితరుల చావును చూపించిన పిదపనే విడువవలెననియు తొమ్మిదిదినముల ముందే యుత్తరువు వ్రాయఁబడియుండెను. ఆ సంగతి యామె కెవ్వరును చెప్పలేదు. ప్రాణభయముచేత నామె లొంగుననియు, లోకులు తమ్ము దయాళువు లందురనియు వా రెన్నుకొనిరి. ఆమె క్రిందికి దిగుటకే సమ్మతింపలేదు. తన మిత్రులను చంపిన శాసనమును రద్దుచేయనిచో ఆ శాసనముక్రింద దొరకు ప్రాణభిక్ష తనకు వలదని చెప్పెను. మఱునాఁడు ఆ యర్థముతోనే న్యాయస్థానమునకు లేఖయు వ్రాసెను. భటులు బలవంతముగా నామెను గుఱ్ఱముమీఁద నెక్కించి పొలిమేర దాఁటించిరి.

ఆ చలికాలమును ఆమె షెల్టరు ద్వీపమున గడపెను. వృద్ధులైన సౌతిక్కుదంపతులు ప్రాణములు విడిచినదియు నా ద్వీపముననే. 1660 మే 21వ తేదీని, భర్తకైన చెప్పకయే, మేరీ బోస్టనునకు తిరిగివచ్చెను. ఆమెను చూచి యాఱుమాసములకుపైగా నైనదని చెప్పుచు, తన యెడబాటునకు జాలితలఁచి ప్రాణమును భిక్షపెట్టవలసినదని విలియము గవర్నరునకు వ్రాసికొనిన విన్నపము నేఁటికిని నిలిచియున్నది. మతభేదమును మీఱిన దాంపత్యప్రేమకు అది సాక్ష్యము. మే 31వ తేదీని ఎండికాటు ఆమెను పిలిపించి, మునుపు వచ్చిన మేరీ డయరు నీవేనా యని ప్రశ్నించెను. కా నన్నచో తప్పించుకొనుటకు దారి కలదు. ఆమె తానేయని యొప్పుకొని, తమ యన్యాయపు శాసనమును ఎత్తివేయుఁడని కోరుటకే మరల వచ్చితినని చెప్పెను.

జూను 1వ తేదీ యుదయమున నామెను డోళ్లమ్రోఁతలనడుమ నడిపించుకొనిపోయిరి. ఉరికంబమువద్ద నిలిచి, ఇంటికి పోయెదనన్నచో విడిచెదమనిరి. ఆమె నిరాకరించెను. పశ్చాత్తాపపడుమని విల్సను కోరెను; చేయని తప్పునకు పశ్చాత్తాప మెట్లని ఆమె భావము. కొలఁదినిమిషములలో నామె ప్రాణము పోయెను. అప్పటి కామెకు నలువదితొమ్మిదేండ్ల ప్రాయము.

ఆమెను నిందించినవా రప్పుడును గలరు, పిమ్మటను గలరు. భర్తను బిడ్డలను విడిచి కావలెనని చావును వెదకికొనెననియు, వలదన్నచోటికి పోవుట మొండితనమనియు వారందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఆ గృహమున నామె చావువలన కలిగిన లోటును ఏ కీర్తియు పూరింపలేదు. కాని యొకటి విచారింపవలెను. ఆమె వెళ్లినది అనేకుల కిల్లయిన యూరికి, ఆ యూరి ప్రజలలో క్వేకరు లుండిరి, చెఱలో మిత్రులుండిరి. ఆమె యెవ్వరిని కొట్టలేదు. ఎవ్వరి సొమ్మును ముట్టలేదు. రహస్యముగా శాసనమును తప్పించుకొనలేదు. బాహాటముగా నుల్లంఘించి, శిక్షను మెడయొగ్గి స్వీకరించెను. దొంగ శాసనమును తప్పించుకొనఁజూచును. అంతరాత్మకు కట్టుబడినవారు శాసనమును ఎదుటకు రప్పించి, దాని నిజస్వరూపమును లోకమునకు చూపుదురు. ఈ రెండింటికిని గల భేదమును ఎండికాటు గుర్తింపలేదు. ఇంగ్లండు శాసనములకు విరుద్ధమైన శాసనములు చేయరాదని మసాచుసెట్సువారి చార్టరులోనే నిబంధన కలదు. క్వేకరులను చెఱలనుంచు దేశమేయైనను, క్వేకరుఁడై తిరిగివచ్చెనని మనుష్యుని ఉరితీయు శాసనము ఇంగ్లండున లేదు. కావున శాసనోల్లంఘన మెవరు చేసిరని న్యాయముగా ప్రశ్నించినచో, సమాధానము చెప్పవలసినవారు న్యాయాసనమున కూర్చున్నవారే.

మేరీ చావు వ్యర్థము కాలేదు. 1661 మార్చిలో విలియం లెడ్రా ఉరిదీయఁబడెను, అతఁడే కడపటివాఁడు. అతని విచారణ జరుగుచుండఁగానే, బహిష్కృతుఁడైన వెన్లాకు క్రిస్టిసను న్యాయస్థానములోనికి నడచివచ్చి నిలిచెను. ఒకరిని చంపినచో మఱియొకరు వచ్చుచునే యుందురని అప్పటికి న్యాయాధిపతులకు బోధపడెను. క్రిస్టిసనునకు మరణశిక్ష విధించియు నమలుపఱుపలేక విడిచిరి. లండనులో ఎడ్వర్డు బరో అను క్వేకరుఁడు రెండవ చార్లెసు రాజును దర్శించి మొఱపెట్టుకొనఁగా, క్వేకరులను చంపరాదని రాజు 1661 సెప్టెంబరులో నుత్తరువిచ్చెను. ఆ యుత్తరువును బోస్టనునకు తెచ్చినవాఁడు సామ్యూలు షాటక్కు. అతఁడు సేలమునుండి మరణభయముతో బహిష్కరింపఁబడిన క్వేకరుఁడే. ఏ గవర్నరు తన్ను వెళ్లఁగొట్టెనో ఆ గవర్నరుచేతికే అతఁడు రాజశాసనము నందిచ్చెను. దెబ్బలు మాత్ర మంతటితో నాగలేదు. బండికి కట్టి, నడుమువఱకు బట్టలూడ్చి, ఊరూర కొట్టుచు పోవు శిక్షను క్రొత్తగా కనిపెట్టి, 1662 చలికాలమున మువ్వురు స్త్రీలకుసైత మమలుపఱచిరి. క్రూరత్వ మొక్కదినమున చావదు. కాని యురికంబము మాత్రము క్వేకరులకొఱకు మరల నిలువలేదు.

1663 జూలైలో రోడు ఐలండునకు రాజు చార్టరు నిచ్చెను. శాంతికి భంగము కలిగింపనంతవఱకు మతవిషయక విశ్వాసభేదముచేత నెవ్వరిని బాధింపరాదని దానిలో స్పష్టముగా వ్రాయఁబడెను. మేరీ నివసించిన న్యూపోర్టులో ఆమె పోయిన మఱుసటి సంవత్సరమే, 1661లో, క్వేకరుల వార్షికమహాసభ ప్రారంభమాయెను. 1672లో క్వేకరుఁడైన నికొలసు ఈస్టను రోడు ఐలండునకు గవర్నరాయెను. ఆ యేఁడే రోజరు విలియమ్సు, డెబ్బదియేండ్లకు చేరువైన ప్రాయమున, పడవ తానే నడుపుకొని న్యూపోర్టునకు వచ్చి క్వేకరులతో దినములతరబడి వాదించెను. వారి సిద్ధాంతములు సర్వాబద్ధములని అతని దృఢాభిప్రాయము. అయినను వారిని శిక్షింపవలెనని అతఁ డెన్నఁడును కోరలేదు. తాను తప్పని తలఁచిన మతమునకును తనకున్న స్వాతంత్ర్యమే యుండవలెనన్న యీ మర్యాద, మతసహనమునకు పరాకాష్ఠ యని మా యభిప్రాయము. మనకు నచ్చినవారిని సహించుటలో ప్రజ్ఞ యేమున్నది?

బాధితుల సమాజమునందును లోపములుండునని చెప్పకుండుట చరిత్రకు ద్రోహము. మేరీకి చలికాలమున నాశ్రయమిచ్చిన షెల్టరు ద్వీపపు యజమాని నథానియేలు సిల్వెస్టరు ఆఫ్రికానుండి తేఁబడిన దాసులచేత పనిచేయించుకొనువాఁడు. న్యూపోర్టు క్వేకరులలోను పలువురు దాసులను కొనిరి. ప్రతిహృదయమునను వెలుఁగు కలదన్నవారికి నల్లవాని హృదయమున వెలుఁగు కనఁబడుటకు నూఱేండ్లు పట్టెను. 1688లో పెన్సిల్వేనియాయందలి జర్మన్‌టౌనున కొందఱు దాస్యమును ఖండించుచు వ్రాసిరి. 1760లో జాను వుల్మను న్యూపోర్టు మహాసభకు వచ్చి దాసవ్యాపారమును మానుఁడని వేఁడుకొనెను. 1773లో ఆ మహాసభవారు తమ సభ్యులు దాసులను విడువవలెనని నిర్ణయించిరి. ఆలస్యమైనను ఆ దారి చూపినది వారి సిద్ధాంతమే. ఒకరి విషయమున నొప్పుకొన్న సత్యము కొంతకాలమునకు అందఱి విషయమునను ఒప్పుకొనుమని మనుష్యుని బలవంతపెట్టును.

1959లో బోస్టను శాసనసభామందిరము నెదుట మేరీ డయరు విగ్రహము ప్రతిష్ఠింపఁబడెను. ఆమె మౌనముగా కూర్చుండినట్లు, క్వేకరులు ప్రార్థనకు కూర్చుండు తీరుననే, శిల్పి మలచెను. ఏ శాసనసభ ఆమెను చంపుటకు శాసనము చేసెనో, ఆ సభ వారసుల వాకిటనే యామె నేఁడు కూర్చున్నది. ఆన్ హచిన్సను విగ్రహమును అదే యావరణమున నున్నది. నాఁ డొక్క వోటుచేత నెగ్గిన శాసనము పుస్తకములలో పాతపడిపోయెను. చదువరులారా! నేఁడును ఎక్కడనైన ఒక శాసనముగాని సంఘముగాని యొక మనుష్యుని విశ్వాసముకొఱకు వెలివేయునపుడు, ఆ నిండుసభలో లేచి వెలియైనవారి చేయి పట్టుకొనువా రొక్కరైన నుందురా యన్నదే ప్రశ్న. పదిమందిలో తల వంచుకొని కూర్చుండుట సులభము. 1638లో బోస్టను మందిరమున నట్లు కూర్చున్నవారి పేర్లను లోకము మఱచినది.